పిస్టన్లు లేని కారులో సాలూరు నుంచి ఆమదాలవలసకి

శ్రీకాకుళం నుంచి సాలూరు వెళ్ళేవాళ్ళు చింతపండుకో, అడ్డాకులకో, పనసకాయలకో వెళతారు. నేను కారు కొనడానికి వెళ్ళాను. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ బజార్లో ఎదురైన ప్రతివాడూ "ఏటి సత్తిబాబూ, కారు ఎలగున్నాది?" అని అడగడం, నేను చెప్పడం మొదలెట్టగానే వాడికి అర్జెంటు పని గుర్తుకు రావడం జరుగుతోంది. అందుకని అందరికీ కలిపి ఒక్కసారే రాసేస్తున్నాను. మధ్యలో పని గుర్తొచ్చి లేచిపోయినా నాకు కనిపించదు, మొహమాటం లేదు.

మాది పెద్ద బజార్లో కిరాణా హోలుసేలు దుకాణం. నేను నడక నేర్చింది బస్తాల మధ్య, మాటలు నేర్చింది బేరాల మధ్య. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగితే "చూద్దాం, ఇంకా రెండు చోట్ల చూశాక చెప్తాను" అన్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అటువంటివాణ్ణి కారు వ్యాపారంలోకి ఎందుకు దిగానంటే, పెళ్ళి ఊరేగింపులకి మా వైపు పైకప్పు లేని కారు ఒక్కటీ లేదు. విజయనగరం నుంచి పాత బండ్లు అద్దెకి తెప్పించుకుంటారు. సాలూరులో ఒక కంట్రాక్టరు దగ్గర ఎర్రటి జర్మనీ కారు ఉందని, పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి తోసెయ్యొచ్చని చింతపండు వ్యాపారి ఒకాయన చెప్పాడు.

ఆ మాట ఆమదాలవలస బియ్యం మిల్లు అప్పలస్వామి గారి చెవిన పడింది. ఆయన రెండో అమ్మాయి పెళ్ళి. పెళ్ళికొడుకు రైలు దిగగానే స్టేషను నుంచి విడిదింటికి జిల్లాలో ఎవరూ ఎక్కని కారులో ఊరేగించాలని ఆయన సరదా. దుకాణానికి వచ్చి మా నాన్ననే అడిగారు.

"మీవోడి కారు ఆదివారానికి వస్తాదా శెట్టిగారూ?"

మా నాన్న నా ఎరుకలో ఎవరికీ "చూద్దాం" అన్నదానికి మించి మాట ఇవ్వలేదు. కందిపప్పు ధర అడిగినా చూద్దామే. ఆ రోజు ఎందుకో నా మొహం కేసి చూసి, "వస్తాది. ఎడ్లు కట్టి లాక్కొచ్చీది కాదు, దాని కాళ్ళ మీద అదే వస్తాది" అనేశారు. బజారంతా విన్నది. అప్పలస్వామి గారు అక్కడికక్కడే బయానా చేతిలో పెట్టారు.

ఇంక చూడండి నా పరిస్థితి. కారు రాకపోతే బయానా తిరిగిచ్చెయ్యొచ్చు. కానీ జన్మలో మొదటిసారి ఇచ్చిన మాట పోతే, అది మా నాన్నకి ఎవరు తిరిగిస్తారు? ఆదివారం సాయంత్రానికి ఆ కారు ఆమదాలవలస స్టేషను ముందు ఉండాలి, అంతే అనుకున్నాను.

సాలూరు సంత

బుధవారం బస్సెక్కాం. నాకు తోడు మా అక్క మొగుడు, సూరిబాబు బావ. అరసవల్లిలో సైకిలు షాపు. చక్రాలున్నదేదైనా తనకి తెలుసని అతని నమ్మకం.

సాలూరు ఘాటీ కింద ఊరు. కొండ ఎక్కబోయే లారీలూ దిగొచ్చిన లారీలూ రోడ్డు పొడుగునా ఆగి ఉంటాయి. హోటల్లో రూపాయికి పూర్తి భోజనం, అందులో ఆవపెట్టిన పనసపొట్టు కూర. మా ఊళ్ళో రెండోసారి కూర అడిగితే వడ్డించేవాడు మన మొహం గుర్తుపెట్టుకుంటాడు. ఇక్కడ మూడోసారి కూడా వాడే వచ్చి వేశాడు. నాకు అనుమానం వచ్చి బావ విస్తట్లోది వాసన చూశాను. కూర బాగానే ఉంది.

సంతలోనూ అదే వింత. కొండ దిగొచ్చిన ఒక ముసలమ్మ దగ్గర చింతపండు కొన్నాను. తూచి, పైన ఇంకో గుప్పెడు తనే పడేసింది.

"అడక్కుండానే వేశావేమమ్మా?" అన్నాను.

"ఏసీదే గదా బాబు. కొసరు నేకుండా బేరమేటి?" అంది.

మా బజార్లో కొసరు అడిగి, అలిగి, నాలుగడుగులు వెళ్ళిపోయినట్టు నటిస్తే గానీ పడదు. అడక్కుండా పడిందంటే బుట్ట అడుగున సరుకు పాడైందని అర్థం. చింతపండంతా తిరగేసి చూశాను. అడుగుదాకా బంగారంలా ఉంది. అప్పుడైనా బుద్ధి రావాలి కదా. రాలేదు.

మర్నాడు లక్ష్మివారం పొద్దున్నే పట్నాయక్ గారింటికి వెళ్ళాం. శుక్రవారం మేం బేరానికి డబ్బు బయటికి తియ్యం కాబట్టి బేరం ఆ పూటే తెగాలి. పట్నాయక్ గారు రోడ్ల కంట్రాక్టరు, భారీ మనిషి. కొండ మీద గనుల పనికొచ్చిన జర్మనీ ఇంజనీరు ఒకాయన వెళ్ళిపోతూ అద్దె బాకీ కింద ఈ కారు వదిలిపెట్టాడట. పెరట్లో టార్పాలిన్ తీస్తే చిన్న ఎర్రటి కారు బయటపడింది. రెండు సీట్లు, నా నడుం ఎత్తు. టార్పాలిన్ మీద ఎండబెట్టిన మిరపకాయలు నాలుగు సీట్లో పడ్డాయి.

"ఇందల పిస్టన్లుండవు," అన్నారాయన. "తిరగలి సూసేరు కదా, అలగ డబ్బాలో మూడు మూలల బిళ్ళ తిరుగుతాది. పెట్రోలుతో పాటు నూనె కూడా తాగుతాది, తాగనియ్యాల. మెల్లిగా నడిపితే అలుగుతాది. ఏగంగా పోనిస్తే పాటలా పోతాది."

అమ్మేవాడు చెప్పే మాటల్లో సగం పొగడ్త, సగం సాకు అని నాకు చిన్నప్పుడే నేర్పారు. విననట్టు టైర్లు తన్ని చూశాను. మూడు వేల అయిదొందల దగ్గర మొదలై రెండు వేల నాలుగొందలకి తెగింది. నేను ఒకసారి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాను, బావ రెండుసార్లు దగ్గాడు.

అంతా అయ్యాక ఆయన లోపలికి వెళ్ళి ఒక రేకు పెట్టె, ఒక నూనె డబ్బా తెచ్చి కారు పక్కన పెట్టారు. "ఇయి కూడా పట్టికెల్లండి."

నేను అడగలేదు! అడగని కొసరు! పెట్టె మూత ఎత్తి చూశాను. మైనం కాగితాల్లో చుట్టిన ఏవో ప్లగ్గులు, గోళ్ళలాంటి సన్నటి బద్దలు. కారులో ఏదో లోపం ఉంది, దాన్ని కప్పిపుచ్చడానికి ఈ పాత సామాను అంటగడుతున్నాడు అనుకున్నాను.

"ఇవి నాకొద్దండి. వీటి ఖరీదు తగ్గించండి," అన్నాను.

ఆయన పెట్టె మూత మళ్ళీ ఎత్తి చూపించారు. "వద్దా? నిజంగానా?"

"వద్దు."

"మీ ఇష్టం. నలభై తగ్గించుకోండి."

కొసరుని కూడా డబ్బు చేసుకున్న మొదటి మనిషిని నేనే అయి ఉంటానని బావతో అన్నాను. బావ వెనక్కి తిరిగి ఆ పెట్టె కేసి చూశాడు.

రామభద్రపురం మీదుగా

ఈమధ్య ఏజెన్సీ కొండల వైపు నుంచి వచ్చే బళ్ళని పోలీసులు ఆపి వెతుకుతున్నారు. రామభద్రపురం ఇవతల ఒక కానిస్టేబులు చెయ్యెత్తాడు. ముందు మూత తెరవమన్నాడు. తెరిచాను. లోపల నా సంచీ, సంతలో కొన్న చింతపండు, పెట్రోలు ట్యాంకు.

"ఇంజనేదీ?"

"వెనకుందండి."

వెనక మూత తెరిస్తే వంటగిన్నె అంత ఇనప డబ్బా కనపడింది. "ఇదా? ఇది ఇంజనా?" అని నవ్వి, ఇంత చిన్నదాంట్లో ఏం దాస్తారులే అన్నట్టు వదిలేశాడు.

రామభద్రపురం కూరగాయల బజారుకి పేరు. వంకాయలు మా ఊరి ధరలో సగం. కొనేద్దామనిపించింది గానీ పెట్టుకోడానికి చోటు బావ ఒళ్ళొక్కటే మిగిలింది. అతను ఒప్పుకోలేదు.

అక్కణ్ణించి నా తెలివి ఇంకా వికసించింది. పెట్రోలు లీటరు రూపాయి. మెల్లిగా నడిపితే తక్కువ తాగుతుందని, ఇంజను అరగదని, ఎడ్లబళ్ళ వెనకే జోగుతూ నడిపాను. ఒక కావిడివాడు మమ్మల్ని దాటి వెళ్ళి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

"ఒరే సత్తిబాబూ, ఆయన మెల్లిగా నడపొద్దన్నాడ్రా."

"పెట్రోలు ఆయన పోస్తాడా బావా?"

గజపతినగరంలో కాఫీకి ఆగి ఇంజను నూనె పుల్ల తీసి చూస్తే సగానికి పడిపోయింది. కింద చుక్క కారలేదు. పొగ మాత్రం వెనకాల మాతో పాటే వస్తోంది, పెళ్ళికి పిలిచినట్టు. రెండో కాఫీ చెప్పి, హోటలు పక్కన కొట్లో ఉన్న లారీ నూనె పోయించాను. ఆ కొట్టువాణ్ణి కొసరు అడిగితే, "నూనికి కొసరేటి బాబూ, ఎక్కువైతే పొర్లిపోద్ది" అని నవ్వాడు. కాఫీ పదిహేను పైసలు, నూనె మూడు రూపాయలు.

విజయనగరం: పిస్టన్ల దొంగతనం

విజయనగరంలో గంటస్తంభం కనపడుతుండగా కారు రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది. అక్కణ్ణించి దాన్ని మేమే తోసుకుంటూ మెకానిక్ సాంబమూర్తి షెడ్డుకి చేర్చాం. ఇంకా దాని కాళ్ళ మీద అది రావాల్సిన దూరం చాలా ఉంది.

శుక్రవారం పొద్దున్న సాంబమూర్తి ప్లగ్గు విప్పాడు. ఆ కన్నంలో ఒక తీగ దూర్చి, ఇంజను తిప్పమని, తీగ పైకీ కిందకీ ఆడుతుందేమోనని చూశాడు. ఆడలేదు. మళ్ళీ తిప్పించాడు. లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు.

"సార్, మీకు సెప్పక తప్పదు. పిస్టన్లు తీసీసి అమ్మేరు."

"దీనికి పిస్టన్లుండవు."

"అని ఆడు సెప్పేడా?"

"చెప్పాడు."

"మీరు నమ్మేరా?"

షెడ్డు ముందు పదిమంది చేరారు. ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, తన అల్లుడికి ఇలాగే దోమలు లేని దోమతెర అమ్మారని ఏదో ఓదార్పు చెప్పాడు, నాకు అర్థం కాలేదు. పోలీసు కంప్లైంటు ఇమ్మన్నారు. విజయనగరం వాళ్ళ మంచితనం ఎంతంటే, నా కారుకి పిస్టన్లు లేవని నాకంటే వాళ్ళే ఎక్కువ బాధపడ్డారు. ఒకాయన మా ఇద్దరికీ ఉప్మా తెప్పించాడు.

మూడు మూలల బిళ్ళ, తిరగలి సంగతి నేను నాలుగుసార్లు చెప్పాక సాంబమూర్తి మనసు మెత్తబడి ప్లగ్గు వెలుతుర్లో పెట్టి చూశాడు. నల్లగా, జిడ్డుగా మాడి ఉంది.

"పోనీ మీరన్నదే నిజమనుకుందాం. ఈ రకం ప్లగ్గు మన వైపు దొరకదు. కలకత్తా రాస్తే ఆల్లు జర్మనీ రాస్తారు. వచ్చీసరికి మీ పెళ్ళికొడుకు కొడుక్కి బారసాల."

బావ అప్పుడు నోరు తెరిచాడు. నిన్నటినుంచి దాచుకున్నదంతా ఒక్కసారే వచ్చింది.

"ఆ రేకుపెట్టెలో ఏటున్నాయిరా? మైనం కాయితాల్లో సుట్టి? నలభై రూపాయల కోసం కారు పేణాలు అక్కడ వొదిలీసి, కట్టె తెచ్చుకున్నావు. ఇప్పుడు కూడా మెల్లిగా ఆలోసిస్తావా, బేగి బస్సెక్కుతావా?"

బస్సెక్కాం.

మళ్ళీ సాలూరు

పట్నాయక్ గారు పని మీద కొండ మీదకి వెళ్ళారు. ఆయన భార్య కామేశ్వరమ్మ గారు పీట వేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. పెట్టె వంటింటి గట్టు మీద కనపడుతోంది. దానినిండా వడియాలు.

నేను పీట మీంచి లేచాను. "అందులో సామాను..."

"అటక మీద మూట కట్టి ఉన్నాది. నూనె కొంచెం నూతి గిలక్కి రాసేను. అరవడం మానీసింది."

"ఆ మూటా నూనే ఇప్పించండమ్మా. ఎంతైనా ఇస్తాను." ఎంతైనా అన్న మాట నా నోట్లోంచి వచ్చింది. బావ నా కేసి తిరిగి చూశాడు.

"నాయనా, ఇయ్యాల సుక్కురవారం. ఇంట్లోంచి ఈనెపుల్ల కూడా బయటికివ్వను."

"రేపు పొద్దున్నే తీసుకుంటాం."

బావ మెల్లిగా అన్నాడు: "రేపు శనివారంరా."

నిజమే. శనివారం ఇనుమూ నూనే కొనడం మా ఇంటా వంటా లేదు. శనివారం నూనె బండి వస్తే మా నాన్న దాన్ని ఆదివారం దాకా వీధిలోనే నిలబెడతారు. ఆయన మాట నిలబెట్టడానికి వెళ్ళి, ఆ మాట కోసమే శనివారం ఇనుము కొన్నానని తెలిస్తే ఆయన ఆ కారు మీద తన నీడ కూడా పడనివ్వరు. ఆవిడ శుక్రవారం ఇవ్వరు, నేను శనివారం కొనకూడదు, ఆదివారం పెళ్ళికొడుకు రైలు దిగుతాడు. వారాలన్నీ కలిసి నా మీద బేరమాడుతున్నట్టుంది.

ఆ రాత్రి వాళ్ళ అరుగు మీదే పడుకున్నాం. తెల్లారగానే కామేశ్వరమ్మ గారు మూటా, నూనె డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు.

"అమ్మా, ఇవాళ మేం కొనకూడదు."

"కొనీదెవలు? బేరం లచ్చివారమే అయిపోనాది కదా. ఇది దాని కొసరు. కొసరికి వారమేటి?"

నేను జేబులోంచి నలభై రూపాయలు తీశాను. ఆవిడ చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నారు. "డబ్బులిస్తే కొన్నట్టే. శని పట్టుకుంటాది మరి."

మనిషి చేతిలో డబ్బు పెట్టడానికి నేను బతిమాలడం, వాళ్ళు వద్దనడం, నా జన్మలో అదే మొదలు. ఆ నలభై రూపాయలూ జేబులో పెట్టుకుంటుంటే తేలుని పెట్టుకున్నట్టుంది.

"మరి నా కొసరో?" అన్నారావిడ.

"చెప్పండమ్మా."

"ఆ బండి రెండేళ్ళు నా పెరట్లో ఉన్నాది. దాని మీద మిరపకాయలు ఎండబెట్టుకున్నాను. ఎక్కింది నేదు. ఆయన బరువుకి సీటు సాలదు, డైవరు పక్కన నన్ను కూకోనివ్వరు. పెళ్ళి అయిపోయినాక ఒక్కసారి వచ్చి, రామభద్రపురం దాకా తిప్పి తీసుకురా."

నేను నోరు తెరిచాను. అంత దూరం ఎందుకు అందామనే. బావ నా కాలు తొక్కాడు.

"వస్తానమ్మా," అన్నాను.

నాగావళి దాకా

మధ్యాహ్నానికి సాంబమూర్తి కొత్త ప్లగ్గు బిగించి, జర్మనీ నూనె పోశాడు. కారు మొదటి తిప్పుకే మోగింది. ఆయన ఇంజను మీద చెవి పెట్టి విని, "పిస్టన్లు ఉంటే ఇంకా బాగుణ్ణు" అన్నాడు. కూలీ నాలుగు రూపాయలు అడిగాడు. నాలుగూ ఇచ్చేశాను. బావకి కళ్ళు తిరిగాయి.

ఈసారి ఆగలేదు. నాతవలస మలుపు తిరిగి పెద్ద రోడ్డు ఎక్కగానే తొక్కాను. పట్నాయక్ గారన్నది పొగడ్తా కాదు, సాకూ కాదు, మందు వాడే పద్ధతి. వేగం పెరిగేకొద్దీ దానిలోని వణుకు తగ్గిపోయింది. చివరికి కుట్టుమిషను చప్పుడులా సన్నగా, నున్నగా మిగిలింది. లారీలు వెనక్కి జరిగిపోతున్నాయి. రణస్థలం దాటాక బావ తువ్వాలు ఎగిరిపోయింది.

"ఆపరా!"

"ఆపను. అలుగుతాది!"

నాగావళి వంతెన మీద వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. బావ పట్టుబట్టి అరసవల్లిలో పూజ చేయించాడు. పూజారి గారు రూపాయి పావలా అడిగారు. నిమ్మకాయలు మావే కాబట్టి రూపాయికి ఒప్పించాను. సాలూరు నన్ను పూర్తిగా పాడుచెయ్యలేదని ధైర్యం వచ్చింది. ఆయన ఇంజనుకి కుంకుమ పెడతానని ముందువైపు మూత ఎత్తమన్నారు. నేను ఆయన్ని కారు వెనక్కి తీసుకెళ్ళాను.

ఆమదాలవలస స్టేషను

ఆదివారం సాయంత్రం కారు స్టేషను ముందు నిలబడి ఉంది. దాని కాళ్ళ మీద అదే వచ్చింది. మా నాన్న జట్కాలో ముందే వచ్చి, చెట్టు నీడన చేతులు వెనక్కి కట్టుకుని, నన్ను కాకుండా చక్రాలని చూస్తున్నారు.

పెళ్ళికొడుకు కాకినాడలో బ్యాంకు గుమాస్తా, బక్కపలచటి మనిషి. కారుకి రెండే సీట్లు. ఒకటి నాది, ఇంకొకదాంట్లో కూర్చుంటే ఆయన జనానికి కనపడడు. అందుకని వెనక మూత మీద పరుపు వేసి, దాని మీద కూర్చోబెట్టారు. సన్నాయి అందుకుంది. డోలు అందుకుంది. కారు కదిలింది.

పెళ్ళి ఊరేగింపు ఎంత వేగంతో నడుస్తుందో ఇది చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. పది అడుగులు, ఆగడం, హారతి. ఇంకో పది అడుగులు, ఆగడం, సన్నాయివాళ్ళ ముచ్చట. మెల్లిగా నడిపితే అలిగే ఇంజనుని నేను ప్రపంచంలోకెల్లా మెల్లిగా నడిచే పనికి కొన్నానని రైలు గేటు దగ్గర నాకు తెలిసింది. పెళ్ళికొడుకు వంగి నా చెవిలో అన్నాడు.

"ఏమండీ, నా కింద కుంపటి పెట్టేరేటి?"

ఇంజను సరిగ్గా ఆయన కిందే ఉంది. పట్టుపంచె లోంచి ఆవిరి రావడం ఒక్కటే తక్కువ. ఇంకో హారతి అయింది. కారు రెండు తుమ్ములు తుమ్మింది. ఆ తుమ్ము నాకు బాగా తెలుసు. విడిదిల్లు ఇంకా చాలా దూరం ఉంది. ఇంకో ప్లగ్గు నా జేబులో ఉంది గానీ, పెళ్ళికొడుకుని దింపి, మూత ఎత్తి, ఊరందరి ముందూ ఇంజను విప్పితే మా నాన్న అక్కడే నిలబడి చూడాలి.

నేను తాళం తిప్పి ఇంజను ఆపేశాను.

ఒక్కసారిగా సన్నాయి ఊరంతా వినపడింది. అప్పటిదాకా నా పొగా, నా చప్పుడూ దాన్ని మింగేస్తున్నాయి. పక్కన నడుస్తున్న మిల్లు కలాసీలని పిలిచాను. "తొయ్యండి బాబూ, మెల్లిగా. పెళ్ళికొడుకు ఊగకూడదు."

బియ్యం బస్తాలు మోసే చేతులు. ఆరుగురు చెయ్యి వేస్తే కారు నీళ్ళ మీద పూలపడవలా సాగింది. ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగింది, ఎక్కడ కదలమంటే అక్కడ కదిలింది. పెళ్ళికొడుకు కింద చల్లబడి మొదటిసారి నవ్వాడు. సన్నాయి అతను కారు కేసి తిరిగి మరీ వాయించాడు.

విడిదింటి దగ్గర అప్పలస్వామి గారు నన్ను పక్కకి పిలిచారు. వ్యాపారస్థుడు కదా, సంతోషంలో కూడా లెక్క మర్చిపోలేదు.

"సత్తిబాబూ, సగం దూరం నా కలాసీలే తోసేరు. సగమే ఇస్తాను."

"ఇంజను మోగి ఉంటే మీ అల్లుడు ఈపాటికి వడియంలా వేగిపోయేవాడు. మీ సన్నాయి మీకే వినపడేది కాదు. ఇంజను ఆపినందుకు ఎక్కువ అడగాలి నేను."

"అదేటి మాట! నడుస్తాదని కదా సెప్పేరు మీ నాన్నగారు?"

ఇద్దరం మా నాన్న కేసి తిరిగాం. ఆయన తీరిగ్గా తలపాగా సర్దుకున్నారు.

"దాని కాళ్ళ మీద వస్తాది అన్నాను. వచ్చింది. నడుస్తాదని నేననలేదు."

అప్పలస్వామి గారు పెద్దగా నవ్వి, పూర్తిగా ఇచ్చేశారు. మా నాన్న ఇంటికి జట్కాలో వెళ్ళలేదు. నా పక్క సీట్లో కూర్చున్నారు. దారంతా తలపాగా గాలికి ఎగరకుండా పట్టుకుని కూర్చున్నారు. ఊరు దగ్గర పడ్డాక మాత్రం, "ఇంకొంచెం బేగి పోనీ" అన్నారు.

కొనాలనుకునేవాళ్ళకి

ఇటువంటి కారు ఎవరైనా కొనదలుచుకుంటే నా అనుభవం ఇది. పెట్రోలు మామూలు కార్లకంటే ఎక్కువే తాగుతుంది. నూనె తాగడం జబ్బు కాదు, దాని భోజనం. పెట్టకపోతే లోపలి బద్దలు అరుగుతాయి, ఆ బద్దలు జర్మనీ దాటి దొరకవు. మూటలో ఉన్నవి నేను ఆవకాయ జాడీలాగ పొదుపుగా వాడుతున్నాను. దూరప్రయాణం వేగంగా చేస్తే నమ్మొచ్చు. ఊరేగింపుకి నమ్మకూడదు. అందుకని నేను పెళ్ళివారితో ముందే చెప్పేస్తున్నాను: ఊరి దాకా ఇంజను, ఊళ్ళో మనుషులు. తోసేవాళ్ళ కూలీ పెళ్ళివారిదే. ఇప్పటికి మూడు పెళ్ళిళ్ళు అయ్యాయి, ఎవరూ బేరమాడలేదు. చప్పుడు లేని కారు అని పేరొచ్చింది.

సాలూరు బాకీ

కిందటి బుధవారం ఒక్కణ్ణే సాలూరు వెళ్ళాను. కామేశ్వరమ్మ గారు కొత్త చీర కట్టుకుని, జుట్టుకి గుడ్డ చుట్టుకుని, కాళ్ళు కడుక్కుని కారెక్కారు. పట్నాయక్ గారు గుమ్మంలో నిలబడి, "జాగర్త" అన్నారు. నాకో, ఆవిడకో తెలియలేదు.

ఊరు దాటాక రోడ్డు ఖాళీ. తొక్కాను. ఆవిడ రెండు చేతులతో ముందరి పట్టీ పట్టుకుని, మొదట కళ్ళు మూసుకున్నారు. తర్వాత ఒకటి తెరిచారు. తర్వాత రెండోది. కారు ఆ సన్నటి చప్పుడులోకి వచ్చేసరికి గట్టిగా నవ్వడం మొదలెట్టారు. చేలల్లో పనిచేస్తున్నవాళ్ళు లేచి నిలబడి చూశారు.

"ఓలమ్మ! ఇంత సక్కటి బండిని పెళ్ళిళ్ళల్లో తోయించుకుంటన్నావేటి బాబూ!"

రామభద్రపురం బజారు కనపడగానే వేగం తగ్గించాను. మాటంటే మాటే, ఇక్కడిదాకే కదా. తిప్పడానికి చోటు వెతుకుతున్నాను. ఆవిడ రోడ్డు కేసి, ముందుకి, గజపతినగరం వైపు చూస్తున్నారు.

"కొసరు?" అన్నారు.

నేను గేరు మార్చి తొక్కాను. ఎంత దూరం అని అడగలేదు.